అడుగున కట్టిన సొర ముక్కలు

2015. గరివిడిలో ఒక చిన్న కేబుల్ చానల్. కెమెరా నేనే, ఎడిటింగ్ నేనే, యాడ్ల కోసం వీధులు తిరిగేదీ నేనే. చిన్న కొట్లవాళ్లను యాడ్ అడిగితే, "మన కొట్టు తెలీనోళ్లు ఎవులున్నారు బాబూ!" అని నవ్వి పంపేసేవారు. అందుకని వారానికో పదినిమిషాల కార్యక్రమం మొదలుపెట్టాను. కొట్టు గురించి కొట్టువాళ్లు కాదు, అక్కడ కొనేవాళ్లు చెప్పాలి. మైకు ముందు మనిషి చెప్పే ఆ నాలుగు మాటల్ని మేం 'బైట్' అంటాం. మంచి బైట్ దొరికిన వారం నా అంత మొనగాడు జిల్లాలోనే లేడనుకునేవాణ్ణి.

నూకాలమ్మది ఎండుచేపల కొట్టు. సముద్రపుటొడ్డు నుంచి వచ్చి ఈ వీధిలో స్థిరపడిన మనిషి. మెయిన్ రోడ్డులో కొత్తగా వచ్చిన సూపర్ మార్కెట్‌లో ఎండుచేపల్ని వాసన రాని కవర్లలో పెట్టి అమ్ముతున్నారు. జనం అటు మళ్లారు. "ఈ వానల్లో సరుకు కదలకపోతే మెత్తబడి పురుగు పట్టీస్తాది బాబూ. ఇంక కొట్టు మూసీడమే," అంది. నేనున్నాను కదా అన్నాను. ఎంత ధీమా!

ఆ వీధిలోనే ఉండే లక్ష్మి అనే అమ్మాయిని బైట్ అడిగాను. చంకలో ఆరునెలల పిల్ల. "సరుకు బాగుంటాది, తూకం బాగుంటాది," అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఉప్పూ కారం లేని బైట్.

"ఆపేసినావా అన్నా?" అంది.

ఆపేశానన్నాను. ఆపలేదు.

అప్పుడు ఊపిరి పీల్చుకుని మాట్లాడింది. "ఈ పిల్ల పుట్టినప్పుడు మా ఇంటాయనకి పన్లేదన్నా. నాను పావు నెత్తళ్లే అడిగీదాన్ని. ఇంటికెళ్లి పొట్లం ఇప్పితే అడుగున సొర ముక్కలుండీవి. మర్నాడు ఆవిడ ఏటీ అనదు, నానూ ఏటీ అనను."

బాలింతకు పాలు పడాలంటే మా వైపు సొరచేప పెడతారు. వేలెడంత కూడా ఉండని నెత్తళ్లకంటే దాని ధర బాగా ఎక్కువ. నాకు ఒళ్లు పులకరించింది. ఆ ముక్కకు వెనక సన్నాయి పెట్టి, 'పేదింటి బాలింతలకు ఉచితంగా సొర' అని అక్షరాలు వేసి ప్రసారం చేశాను. ఫోన్లే ఫోన్లు. అందరూ మెచ్చుకున్నవాళ్లే.

రెండు వారాల తర్వాత, కొట్టు కిటకిటలాడుతూ ఉంటుందనుకుంటూ వెళ్లాను. నూకాలమ్మ ఒక్కతే కూర్చుని గంపల మీద ఈగలు తోలుకుంటోంది.

"ఏటి సేసినావు బాబూ? నాను అడుగున కట్టినది నువ్వు పైన పెట్టీసినావు."

"మంచి మాటే కదమ్మా చెప్పింది!"

"మంచి మాటే. ఇప్పుడు నా కొట్టు నుంచి ఏ ఆడది పొట్లం అట్టుకెళ్లినా, 'ఊరికే ఇచ్చినాదేటే?' అని ఎకసెక్కాలు. ఇంకెవులొస్తారు? లచ్చిమి అయితే నా కొట్టు ముందునుంచి నడవడమే మానీసినాది."

నా బుద్ధి గడ్డి తింది. అక్కణ్నుంచి తిన్నగా లక్ష్మి ఇంటికెళ్లాను. తలుపు తియ్యలేదు. లోపల్నుంచి ఒక్క మాటే వచ్చింది: "ఆపేసినానన్నావు కదన్నా."

తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

మళ్లీ నూకాలమ్మ దగ్గరకొచ్చి, క్షమాపణ చెబుతూ ఇంకో కార్యక్రమం వేస్తానన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నీ సమాపన ఎవులికి కావాల? నాను మాటాడతాను. ఒక్క ముక్క కొయ్యకూడదు," అంది. మైకు పట్టుకోవడం కూడా రాదు ఆవిడకు. అయినా గడగడా చెప్పేసింది.

"నిరుడు పెద్ద తుపానుకి నా కొట్టు రేకులెగిరిపోనాయి. సరుకంతా తడిసిపోద్దని ఏడుస్తంటే, ఈ వీధి ఆడోళ్లే తలో గంప మోసుకెళ్లి ఇళ్లల్లో పెట్టుకున్నారు. తొమ్మిది రోజులు! ఎండుచేపల కంపు ఎవులు బరాయిస్తారమ్మా? లచ్చిమి అప్పుడు కడుపుతో ఉన్నాది. వాంతులు. అయినా రెండు గంపలు దాని మంచం కిందే ఉన్నాయి. తీసీమంటే, 'ఉండనీ అత్తా' అన్నాది. దాని ముందర నా సొర ఏపాటిది? ఈ వీధోళ్లు నిలబెట్టిన కొట్టు ఇది. అదీ కత."

ఒక్క ముక్క కొయ్యలేదు. సన్నాయీ పెట్టలేదు.

తర్వాతి వారం మొదట ఇద్దరొచ్చారు, తర్వాత నలుగురు. "మా ఇంట్లో మూడు గంపలుండీవి, నా పేరు సెప్పలేదేటత్తా?" అని ఒకావిడ దెబ్బలాటకే వచ్చింది, అరకేజీ ఎండు కవళ్లు కొనుక్కుని వెళ్లింది. ఆ కొట్టు గురించి నేను మొదట చెప్పింది అబద్ధం కాదు, సగం. ఇచ్చిన చెయ్యి చూపించి, అంతకు ముందు అదే చెయ్యి అందుకున్నదేమిటో అడగనే లేదు. ఆ సగంతోనే లక్ష్మిని నలుగురిలో తలదించుకునేలా చేశాను.

చివరికి లక్ష్మి కూడా వచ్చింది, చంకలో పిల్లతో. నేను కెమెరాతో పక్కనే ఉన్నాను. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఆపేసినావా?" అంది. ఈసారి 'అన్నా' లేదు.

నేను కెమెరా బ్యాటరీ ఊడదీసి ఆమె అరచేతిలో పెట్టాను. ఆమె దాన్ని గట్టిగా పట్టుకుని లోపలికి నడిచింది.

"పావు నెత్తళ్లత్తా," అంది.

నూకాలమ్మ చెయ్యి ఏ గంప వైపు వెళ్లిందో నేను చూడలేదు. వీధి వైపు తిరిగి నిలబడ్డాను.