ఓబులేసుకు ఏడ్చేది నేర్పించినా

2003లో అనంతపురంలో ఒక చిన్న మానసిక వైద్యశాలలో నేను స్టాఫ్ నర్సును. మాత్రలిచ్చేదానికంటే మాట్లాడే పనే ఎక్కువ. నాకు నోరుండాది కాబట్టి సరిపోయింది.

ఎండలు ముదిరే ముందు, సోమందేపల్లె దగ్గర పల్లె నుంచి నాగమ్మ తన మొగుడు ఓబులేసును పిలుచుకొచ్చింది. ముప్పై ఐదేళ్ల గొర్రెల కాపరి. కోతలయినాక రైతులు ఎరువు కోసం చేలో గొర్రెల మంద పెట్టించుకుంటారు, బదులుగా గింజలిస్తారు. మనోడు ఒకే వారానికి ముగ్గురికి మాటిచ్చి, ముగ్గురి దగ్గరా గింజలు ముందే తెచ్చుకొని, అమ్మి తాగేవాడు. అడిగినోళ్లతో కొట్లాట. చిన్నప్పటి నుంచీ ఇంతేనంట.

"ఈ ఎండాకాలం చూస్తా సిస్టరమ్మా. మారకపోతే బిడ్డను తీసుకొని మా నాయన ఇంటికి పోతా, మళ్లా రాను" అనింది నాగమ్మ.

డాక్టరు సారు నాలుగైదు సార్లు చూసి, యాంటీ సోషల్ పర్సనాలిటీ డిజార్డర్ అన్నాడు. ఎదుటోళ్ల నొప్పి, హక్కు లెక్కచేయని తీరు చిన్నప్పటి నుంచే పాతుకుపోయి ఉంటుంది. "దీనికంటూ మాత్ర లేదు సిస్టర్. ముందు తాగుడు మాన్పిద్దాం, తర్వాత నడవడిక చూద్దాం. వయసు పెరిగేకొద్దీ కొందరు నెమ్మదిస్తారు. పూర్తిగా పోతుందని మాత్రం వాళ్లకు మాటియ్యొద్దు."

తాగుడు తగ్గింది. ఇంక మనసు కరిగించేది నా పని అనుకున్నా. ప్రతి బుధవారం ఓపీలో కూర్చోబెట్టి, "గింజలిచ్చి మోసపోయిన రైతు జాగాలో నువ్వుంటే ఎట్లుంటాది?" అని ఒకటే పోరు. నాలుగో వారం ఓబులేసు బోరున ఏడ్చినాడు. అబ్బా, నేనెంత పొంగిపోయినానో!

మరుసటి వారం నాగమ్మ వచ్చింది. "ఏం నేర్పినావు సిస్టరమ్మా? ఇప్పుడు రైతుల ముందర ఏడ్చి మరీ గింజలు తెస్తాండాడు!"

సారు కడుపు పట్టుకొని నవ్వినాడు. నా పరువు గంగలో కలిసింది.

అప్పటి నుంచి మనసు సంగతి వదిలేసినా. "ఇట్ల మోసం చేస్తే నీకేం లాభమప్పా? మంద పెట్టమని పోయినేడు ఎంతమంది పిలిచిరి, ఈ యేడు ఎంతమంది?" అని అడిగితే వేళ్లు మడిచి లెక్కపెట్టి, "తగ్గినారక్కా" అన్నాడు. ముగ్గురం కూర్చొని షరతులు పెట్టుకున్నాం. ఒకసారికి ఒకటే చేను. గింజలు పనయినాకే, అవీ నాగమ్మ చేతికే. తప్పిన ప్రతిసారీ ఆమె కొన్ని దినాలు పుట్టింటికి పోతుంది. రెండో వారమే తప్పినాడు. ఆమె అరవలేదు, బతిమాలలేదు, బిడ్డతో ఐదు దినాలు పోయి ఉండింది. వంట చేసుకోలేక మనోడు తిప్పలు పడినాడు.

తొలకరి ముందర ఒక బుధవారం ఇద్దరూ వచ్చినారు. ఓబులేసే మొదలుపెట్టినాడు.

"ఒకే వారానికి ఇద్దరు పిలిచినారక్కా. ఇద్దరికీ సరే అనాలని నోటిదాకా వచ్చింది. రెండో ఆయప్పకు వీలుకాదని చెప్పేసినా."

నాకు పాత ఆశ పోలేదు. "ఆయప్ప మీద అయ్యో అనిపించిందా?"

నా మొగం చూసినాడు. "లేదక్కా. అనిపించిందంటే నువ్వు సంతోషపడతావని తెలుసు. కానీ అనిపించలేదు."

నాగమ్మ పకపకా నవ్వింది. "పెళ్లయినప్పటి నుంచి ఈ మనిషి నోట నేను విన్న మొదటి నిజం ఇదే సిస్టరమ్మా!"

"మరి ఇంక రాకుండా పుట్టింటికి పోతావా, ఉంటావా?" అని అడిగినా.

"ఉంటా. వానాకాలం కూడా చూస్తా."

ఎంత సంతోషమయిందో చెప్పలేను. ఓపీలో ఉన్నోళ్లందరికీ టీ తెప్పించినా. తర్వాత కూడా అప్పుడప్పుడు జారినాడు, మళ్లా నిలబడినాడు. మనిషి లోపల ఏముండాదో నేను మార్చలేకపోయినా. కానీ మనసు మారేదాకా ఆగకుండానే ఒక సంసారం నిలబడుతుందని ఆ ఇద్దరే నాకు నేర్పించినారు.