క్లీన్‌రూమ్‌లో ముసుగు తాళ్లు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చులకన. నేను చదివింది మైక్రోబయాలజీ, పాఠం చెప్పేదీ అదే. కంటికి కనిపించనివి రోజూ చూస్తూనే ఉంటాను, వాటిలో ఒక్కటీ తెల్లచీర కట్టుకోలేదు. ఎవరైనా "నాకో అనుభవం" అని మొదలుపెడితే, ముందురోజు ఏం తిన్నారని అడిగే రకాన్ని. కాబట్టి ఇది రాయడం నాకే ఎబ్బెట్టుగా ఉంది.

అమలాపురంలో మా కాలేజీకి ఒక కోర్సు వచ్చింది. సిరంజిలు, సెలైన్ సీసాలు తయారుచేసే ఫ్యాక్టరీల్లో టెక్నీషియన్లుగా పనికొచ్చేలా పిల్లలకి తర్ఫీదు ఇవ్వాలి. దానికోసం పాత జువాలజీ ల్యాబుకి సగంలో అల్యూమినియం అడ్డు కట్టి, క్లీన్‌రూమ్ అని పేరు పెట్టారు. దుమ్ము రేణువు కూడా ఉండకూడని గది అది. ప్రారంభోత్సవం నాడు మా ప్రిన్సిపాల్‌గారు దాని నడిమధ్యన కొబ్బరికాయ కొట్టించి, అగరొత్తులు వెలిగించారు. పంతులుగారి తరవాత పాస్టరుగారు ప్రార్థన చేశారు. పెద్దలంతా బూట్లతోనే లోపలికి నడిచారు. లోపలికి వెళ్లే ముందు ఒళ్లంతా కప్పే సూట్లు తొడుక్కునే గదిలో ఒక అద్దం పెట్టించమంటే మాత్రం "చూద్దామండి" అన్నారు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు.

ఆ బ్యాచ్‌లో దీవెన అని ఉప్పలగుప్తం వైపు అమ్మాయి ఉండేది. రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పని మానేసి వచ్చింది. ఐసు నీళ్లలో నాని వేళ్ల సందులు ఒరిసిపోయి ఉండేవి. ఈ ఉద్యోగం రాకపోతే మళ్లీ ఆ షెడ్డే గతి. అది తెలిసి కూడా నేనామెని ముద్దు చేయలేదు, మిగతా మందని తిట్టినట్టే తిట్టేదాన్ని.

ఉద్యోగాలకి ఎంపిక చేయడానికి సిరంజిల కంపెనీ నుంచి ఒకాయన వచ్చారు. పరీక్షంతా సూటు తొడుక్కోవడమే. గ్లౌజులు వేసుకున్నాక చేతులు గుండెల మీదే ఉండాలి, అవి తల వెనక్కి వెళ్లకూడదు. ముసుగు తాళ్లు జతమనిషి వెనకనుంచి కట్టాలి. దీవెనకి జత సుజాత. ఆ మహాతల్లి పరీక్ష నెగ్గాలని పొద్దుటినుంచీ ఉపవాస ప్రార్థనలో ఉండి, సరిగ్గా లోపలికి వెళ్లే ముందు కళ్లు తిరిగి వరండాలో పడిపోయింది. దేవుడు కూడా టిఫిను తినే రమ్మనుంటాడు.

దీవెన అప్పటికే లోపల గ్లౌజులు తొడిగేసింది. "ఇంకొకర్ని తయారుచేసి పంపుతానండి" అన్నాను.

"జత లేకపోతే ఫెయిలేనండి. రూలు అందరికీ ఒకటే కదా" అన్నారాయన, ఫోన్ చూసుకుంటూ. ఆయన మొహం చూస్తే ఒళ్లు మండిపోయింది.

గాజు కిటికీలోంచి లోపలికి చూశాను. సుజాత సంగతి దీవెనకి తెలియదు. నేర్పినట్టే గోడవైపు తిరిగి, చేతులు గుండెల మీద పెట్టుకుని, తల వంచి జత కోసం నిలబడింది. గదిలో ఇంకెవరూ లేరు. తాళ్లు రెండూ వీపు మీద వేలాడుతున్నాయి. నేను వాటినే చూస్తున్నాను.

అవి పైకి లేచాయి. ఒకదాని మీంచి ఒకటి దాటి, బిగిసి, ముడిపడ్డాయి. ఏసీ అనుకుందామంటే గాలికి ముడి వేయడం రాదు. ఆ గదికున్న ఒకే తలుపు నా భుజం పక్కనే ఉంది.

కంపెనీ ఆయన తలెత్తారు. "కట్టేరుగా, మరి జత లేదంటారేంటండి?" అన్నారు. ఆమె బయటికి రాగానే ముడి మీద జెల్లీ ప్లేటు అద్దించారు. గ్లౌజు చెయ్యి తగిలినా మర్నాటికో, ఆ మర్నాటికో ఆ జెల్లీ మీద సూక్ష్మజీవులు ఒకటో రెండో చుక్కలుగా మొలుస్తాయి. దీవెన ప్లేటు మీద ఏమీ మొలవలేదు. అంత శుభ్రమైన ప్లేటు నా సర్వీసులో చూడలేదు. ప్రిన్సిపాల్‌గారికి చెబితే కొబ్బరికాయ మహిమ అంటారని నోరు మూసుకున్నాను.

దీవెనకి ఉద్యోగం వచ్చింది. వెళ్లేముందు పూతరేకులు పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"ఆ రోజు మీరు కట్టకపోతే నేను షెడ్డుకే పోదునండి, మేడమ్."

"నేనని ఎవరు చెప్పారు?"

"ఇంకెవరండి? బట్ట మీంచే చల్లగా తగిలేయి మీ చేతులు. ముడేసేక భుజం కూడా తట్టేరు. తిడతారు గానండి, మంచోరు."

కాదనకుండా పూతరేకులు అందుకున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను ఏ పిల్ల భుజమూ తట్టలేదు. ఆ తట్టింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.