చుట్టంగా ఒక్క రాత్రి

2018లో చలికాలం మొదలవుతున్నప్పటి సంగతి. తెలంగాణ వచ్చి నాలుగేళ్లు దాటింది. దేవరకొండ బస్టాండు దగ్గరి సందులో మాది చిన్న ట్రావెల్స్ ఆఫీసు. ఒక బల్ల, రెండు ఫోన్లు, గోడ మీద ఖిల్లా ఫొటో, అంతే. పెద్ద పెద్ద టూర్లు మా వల్ల కావు. పట్నం ఒక రోజు, నల్లమల గుట్టలు ఒక రోజు, ఇట్లాంటి చిన్న ప్రయాణాలకు బండి మాట్లాడటం, తక్కువ కిరాయికి శుభ్రమైన గది వెతికి పెట్టడం నా పని. బండి ఎవరైనా మాట్లాడతారు. గది వెతకడమే అసలు విద్య.

మా పనిలో ఇన్‌స్పెక్షన్ అని ఒకటుంటుంది. జనాన్ని పంపేముందు మనమే వెళ్లి గదిని కళ్లారా చూసి రావడం. ఫోన్లో పంపే ఫొటోలను నేను చచ్చినా నమ్మను. పైన పటారం లోన లొటారం అనే మాట ఇట్లాంటి గదులను చూసే పుట్టిందని నా అనుమానం. నేను వెళ్తే మంచం వంక కూడా చూడకుండా నేరుగా బాత్రూం తలుపు తీస్తాను. ఆ తర్వాత గలీబు లాగి లోపలి దిండు చూస్తాను. నన్ను చూడగానే కౌంటర్లో వాళ్లు "వచ్చింది అత్తగారు" అని గొణుక్కుంటారట. గొణుక్కోనీ.

స్వరూప ఆ రోజుల్లోనే వచ్చింది. మర్రిగూడ మండలంలో ఒక పల్లె వాళ్లది. ఆ పిల్లకు నల్గొండలో సర్కారు ఆఫీసులో కొత్తగా ఉద్యోగం వచ్చింది. వెంట తల్లి మరియమ్మ. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి అవే తాగిన చాలామందికి లాగానే మరియమ్మకు కూడా మోకాళ్లు వంగవు. కుర్చీలో కూర్చోవాలన్నా బల్ల పట్టుకుని కూలబడాల్సిందే.

"మేడం, మా అమ్మకు పట్నం జూపియ్యాలె, గుట్టలు జూపియ్యాలె. రెండు రాత్రులు. గది సాఫ్ ఉండాలె, కిరాయి జర మాకు అందేటట్టు ఉండాలె" అంది స్వరూప.

"కిందనే గది, కమోడ్ ఉన్న బాత్రూం, ఉతికిన దుప్పట్లు. అన్నీ జూస్త, ఫికర్ జెయ్యకు. పట్నంల నాకు ఎరుకున్న లాడ్జి ఒకటున్నది" అన్నాను.

అంతే, మరియమ్మ బల్ల పట్టుకుని లేచి నిలబడింది.

"లాడ్జిలనా? మా ఊర్ల తెలిస్తె నన్ను ఏమనుకుంటరే? పా బిడ్డా, ఇంటికి పోదాం."

మా వైపు పెద్దవాళ్లకు లాడ్జి అంటే చాటుమాటు వ్యవహారాల జాగా. ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉండి ఆ మాట జారినందుకు నాలుక కరుచుకున్నాను.

"లాడ్జి గాదమ్మా, గెస్ట్ హౌస్."

"గెస్టంటే?"

"చుట్టం."

"చుట్టాలిల్లా? గట్ల జెప్పు మరి" అని మళ్లీ కూర్చుంది. నేను మాట మార్చి గండం దాటానని సంబరపడ్డాను. ఆమె ఆ మాటను అక్షరాలా పట్టుకుందని నాకు తెలియలేదు.

తల్లి టీ తాగుతుంటే స్వరూప నన్ను బయటికి పిలిచింది. "మా అమ్మ ఇల్లు ఇడిసి మస్తు జాగల్ల పండుకున్నది మేడం. పత్తి ఏరబోయి కొట్టాలల్ల, బిల్డింగ్ పనికి పోయి సిమెంటు బస్తాల కాడ. చుట్టంగ పోయి ఒక్కతాన గూడ పండుకోలే. ఒక్క రాత్రన్న గట్ల పండుకోవాలె. సాఫ్ అంటె బాత్రూం ఒక్కటే గాదు. ఎవరోళ్లు మీరు అని అడగని జాగ జూడుండ్రి."

మా పల్లెల్లో ఊరూ పేరూ అడిగిన తర్వాత వచ్చే రెండో ప్రశ్న అది. కులం ఏమిటని సూటిగా అడగలేక అడిగే ప్రశ్న. అది వినగానే స్వరూప లాంటి పిల్లల మొహం ఎట్లా బిగుసుకుంటుందో నేను చాలాసార్లు చూశాను.

పట్నంలో గది సులువుగానే దొరికింది. గుట్టల వైపే కష్టమైంది. చివరికి అమ్రాబాద్‌లో ఒక హోమ్‌స్టే ఉందని తెలిసింది, అంటే సొంత ఇంట్లోనే ఒక గది కిరాయికి ఇవ్వడం. ఇల్లాలి పేరు సుగుణమ్మ, రైతు కుటుంబం. మోకాళ్ల నొప్పులున్న అత్త కోసం కమోడ్ పెట్టించారట. అత్త పోయాక ఆ గది ఖాళీగా ఉంది. ఫోన్లో అన్నీ అడిగాను గానీ "ఎవరినైనా రానిస్తారా" అని మాత్రం అడగలేకపోయాను. ఆ మాట అడిగితే ఆ రెండో ప్రశ్న నేనే అందించినట్టవుతుంది. చూడని ఇంటికి వీళ్లను పంపడానికి మనసొప్పక నేనూ బండెక్కాను.

బయల్దేరే రోజు మరియమ్మ కొత్త చీర కట్టుకుని, చేతిలో బరువైన గుడ్డ సంచితో వచ్చింది. ఇంట్లో విసిరిన కందిపప్పు అట. "చుట్టాలింటికి ఉత్త చేతులతోని పోతరా?" అంది. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. చెప్పబోయి ఊరుకున్నాను.

పగలంతా చార్మినార్, ట్యాంక్‌బండ్ చూసి సాయంత్రం గెస్ట్ హౌస్‌కు చేరాం. మేము చెక్-ఇన్ కోసం ఆధార్ కార్డులు చూపిస్తుంటే మరియమ్మ సంచి ఎత్తి కౌంటర్ మీద పెట్టింది. "ఇంటి పప్పు బిడ్డా, లోపల ఆడోళ్లకియ్యి" అంది. కౌంటర్లో ఉన్నతను సంచి వంక చూసి, గోడ మీది బోర్డు చూపించి "బయటి ఫుడ్ అలో లేదమ్మా" అన్నాడు. అతనిది తప్పనను, అక్కడి రూలు అది. మరియమ్మ సంచి వెనక్కి తీసుకుంది.

గదిలో తప్పు వెతకబోయాను, ఒక్కటీ దొరకలేదు. బాత్రూం అద్దంలా ఉంది. కానీ పొద్దున్న నేను వెళ్లేసరికి మరియమ్మ మంచం మీది తెల్ల దుప్పటి మడత నలగలేదు. "తెల్లగున్నది, మాసిపోతదని కుర్చీలనే కూసున్న" అంది. ఎంత బతిమాలినా వినలేదని స్వరూప చెప్పింది. ఎవరోళ్లని అక్కడ ఎవరూ అడగలేదు, నిజమే. కానీ అక్కడ ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

గుట్టలెక్కుతుంటే మరియమ్మ తేరుకుంది. మెట్ట చేన్లు తప్ప చూడని మనిషి కదా, కిటికీకి అతుక్కుపోయి "గిన్ని చెట్లు ఎవలు వెట్టిండ్రే?" అని అడిగింది. నాకు మాత్రం బెంగ తీరలేదు. ఈ రాత్రి కూడా కుర్చీలోనే గడిస్తే ఆ పిల్లకు నా మొహం ఎట్లా చూపించాలి?

అమ్రాబాద్‌లో సుగుణమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమంటారు. అలుకు చల్లి ఊడ్చిన ఆ వాకిలి చూశాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

"ఏ ఊరక్కా మీది?"

"మర్రిగూడ దిక్కు."

"పేరు?"

"మరియమ్మ."

రెండో ప్రశ్న వచ్చేది సరిగ్గా అక్కడే. నా పక్కన స్వరూప మొహం బిగుసుకుంది. సుగుణమ్మ అది అడగకుండా లోపలికి వెళ్లి చెంబు నిండా మంచినీళ్లతో వచ్చింది.

చెంబు కనబడగానే మరియమ్మ నడుం వంచి, నోటి దగ్గర రెండు చేతులూ కలిపి దోసిలి పట్టింది. ఎవరూ పట్టమనలేదు. చిన్ననాటి నుంచి ఇతరుల వాకిళ్లలో నిలబడి పైనుంచి పోస్తే తాగిన చేతులవి. చెంబును చూస్తే వాటంతటవే కలిశాయి.

"అమ్మా!" అని స్వరూప గట్టిగా అరిచింది.

సుగుణమ్మకు అర్థమైందని మొహంలోనే తెలిసింది. ఎడమ చేత్తో ఆ దోసిలి విడదీసి, చెంబు ఆ రెండు చేతుల్లో పెట్టింది.

"గదేందక్కా, దోసిట్ల వోస్తె సగం నేల పాలైతయ్. మూతి వెట్టుకోని సల్లగ తాగు."

మరియమ్మ చెంబు ఎత్తి మూతి పెట్టుకుని తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని, బండిలో ఉన్న సంచి తెప్పించి ఇచ్చింది. సుగుణమ్మ పప్పు పిడికిట్లోకి తీసుకుని చూసి, "మంచి పని జేసినవక్కా, మా కంది ఈయేడు ఎండిపాయె. పొద్దుగూకంగ దీంతోనే పప్పుచారు వెడ్త. నువ్వు గూడ పొయ్యికాడికి రా, మీ దిక్కు ఎట్ల జేస్తరో చెప్పు" అంది. మరియమ్మ కూతురి వంక చూసి, గోడ పట్టుకుంటూ వంటింట్లోకి నడిచింది. బాత్రూం చూడాలన్న సంగతే నేను మరిచిపోయాను.

తెల్లారి ఎండెక్కినా మరియమ్మ లేవలేదు. స్వరూప గది గుమ్మంలో నిలబడి, మంచం మీద నిండా ముసుగు తన్ని నిద్రపోతున్న తల్లిని చూస్తోంది. దుప్పటి అంతా నలిగిపోయి ఉంది. ఈ పనిలో నలిగిన దుప్పటి చూసి నేను సంతోషపడ్డది అప్పుడే. తిరిగి వచ్చేటప్పుడు సుగుణమ్మ ఆ సంచి నిండా సీతాఫలాలు పోసి ఇచ్చింది. చుట్టాల సంచి ఖాళీగా పంపకూడదంది.

బండిలో నేను సుగుణమ్మను పొగడటం మొదలుపెట్టాను. స్వరూప కాసేపు విని అడ్డుపడింది.

"చెంబు చేతికిచ్చుడు గొప్ప గాదు మేడం, ఇయ్యకపోవుడు తప్పు. గొప్ప మా అమ్మది. అన్నేండ్లు దోసిలి వట్టినంక గూడ, చుట్టాలిల్లు అనంగనే పప్పు సంచి గట్టుకోని ఎల్లింది."

ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. అయినా ఎదుటి మనిషికి సిగ్గు కలగకుండా ఆ దోసిలి విడదీసిన చేయి కూడా నాకు గొప్పగానే కనిపిస్తుంది. ఇద్దరినీ తలుచుకుంటాను.

కొన్నాళ్లకు మర్రిగూడ వైపు నుంచి ఇంకొకామె ఆఫీసుకు వచ్చింది. "అమ్రాబాద్‌ల మా మరియమ్మ చుట్టాలున్నరట గదా, వాళ్లింట్ల మాగ్గూడ ఒక గది మాట్లాడుతవా?" అని అడిగింది. మాట్లాడాను.

ఇప్పటికీ గదులు చూడటానికి నేనే వెళ్తాను. గలీబు లాగి దిండు చూస్తాను, ఆ అలవాటు పోలేదు. కానీ ముందు గడప దగ్గర నిలబడి మంచినీళ్లు అడుగుతాను. ఎవరోళ్లని అడగకుండా చేతికి అందిస్తే, అప్పుడు బాత్రూం చూపించమంటాను.