కూతకెళ్ళినవాడి కులం

డ్రిల్లు మాస్టరుగా నా మొదటి ఉద్యోగం జమ్మలమడుగులో. బర్మా నుంచి కట్టుబట్టలతో వచ్చిన కాందిశీకులు అప్పుడు ఊరి బయట రేకుల షెడ్లలో ఉండేవారు. వాళ్ళ పిల్లలను బడిలో చేర్చుకున్నారు గానీ ఆటల్లో చేర్చుకోలేదు. మిగతావాళ్ళు ఆడుకుంటుంటే వీళ్ళు మైదానంలో నీళ్ళు చల్లాలి, సున్నం గీతలు వేయాలి. నేనుండగా అది సాగదన్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని హెడ్మాస్టరు నవ్వాడు.

ఆ పిల్లల్లో ఒకడు చెడుగుడులో పాదరసం. ఎంతమంది చుట్టుముట్టినా చేతికి చిక్కేవాడు కాదు. పట్టుబట్టి వాణ్ణి పులివెందుల పోటీలకు తీసుకుపోయాను. పొద్దున ప్రొద్దుటూరు జట్టును దాదాపు వాడొక్కడే ఓడించాడు. మావాళ్ళు వాణ్ణి భుజాలకెత్తుకుని ఊరేగించారు.

మధ్యాహ్నం ఒక పెద్ద రైతు ఇంట్లో అన్ని జట్లకూ భోజనాలు, రాత్రికీ అక్కడే. పిల్లలు ఆకుల ముందు కూర్చోగానే ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"ఈ పిల్లోడు ఎవురి పిల్లోడు అయివోరూ?"

"బర్మా నుంచి వచ్చినోళ్ళ పిల్లోడు. మా జట్టోడు."

"అది సరే, కులమేంది?"

"నేనడగల్యా."

"అడక్కుండా అందరితో ఎట్ల కూచోబెడ్తాం? ఏమనుకోగాకండి. బయట అరుగు మింద ఆకేపిస్తా. శానా బాగా పెడ్తాం."

శానా బాగా పెడతాడట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నోరు తెరిచేలోగానే వాడు తన ఆకు తీసుకుని బయటికి నడిచాడు. పొద్దున వాణ్ణి మోసిన ఘనులు ఒక్కరూ తలెత్తలేదు. సిగ్గుండాల! నేనూ ఆకు పట్టుకుని అరుగు మీదికి పోయాను.

సాయంత్రం ఆఖరి పోటీ పులివెందుల జట్టుతోనే. ఆ జట్టుకు కెప్టెన్ ఆ రైతు కొడుకు. ఆట మొదలయ్యే ముందు రిఫరీని నిలదీశాను.

"కూడు కాడ పక్కన పనికిరానోణ్ణి ఈడ మాత్రం ఎట్ల పట్టుకుంటారు? వాడు కూతకొస్తే తప్పుకోమనండి."

"ఆట ఆటే, కూడు కూడేనప్పా. పొయ్యి కూచో."

ఇదీ ఆయన న్యాయం! చివరి కూతకు మావాడే వెళ్ళాడు. కెప్టెన్ వాడి నడుము వాటేసుకున్నాడు. మిగతావాళ్ళంతా మీద పడి కాళ్ళూ చేతులూ అదిమిపట్టారు. కూత ఆగిపోయింది. మేం ఓడిపోయాం.

వాడు దుమ్ము దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. శ్రీకాకుళం నుంచి వలసపోయిన తాతల యాస వాడిది.

"ఆళ్ళందరూ నన్ను ముట్టీసుకున్నారు కదండీ సార్. మరి రాత్రి బోజనాలకి ఆళ్ళనెక్కడ కూకోబెడతారండీ?"