చెవి మునిగేంత ఎత్తు

తాడేపల్లిగూడెంలో మేముంటున్న వీధిలోకి ఈ ఉదయం దూది ఏకే సాయిబు వచ్చాడు. వింటినారి మీద కొయ్యసుత్తి పడినప్పుడల్లా లేచే ఆ బరువైన మోత, దాని వెనుకే ముక్కును తాకిన పాతదూది వాసన నన్ను పుస్తకం ముందు నుంచి లేపి అరుగు మీదికి తెచ్చాయి. మా ఆవిడకు నెలలు నిండుతున్నాయి; ఉన్న దిండు సరిపడక నిద్ర పట్టడం లేదంటోంది. సాయిబును పిలిచాను. అతడు సామాను దించుకుంటూ ఉండగానే ఏలూరులోని మా ఇంటి అరుగూ, దాని మీద మా మేనత్త జానకమ్మగారూ నా కళ్ల ముందు నిలిచారు.

అత్తయ్య మా నాన్నగారికి అక్క. కొల్లేటి ఒడ్డున, కలిదిండికి దగ్గరలో ఒక పల్లెలో పుట్టారు. పెళ్లయిన కొద్దికాలానికే భర్తను పోగొట్టుకుని, పసితనం తీరకుండానే పుట్టింటికి తిరిగి వచ్చారు. నాన్నగారికి ఏలూరు బడిలో ఉద్యోగమైనప్పుడు ఆయనతోపాటు వచ్చేశారు. మావంటి ఇళ్లలో భర్త పోయిన స్త్రీకి పరుపూ దిండూ నిషిద్ధం. చాప మీద, మడిచిన చేయి తల కింద పెట్టుకుని ఆమె నిద్రపోయేవారు. నడివయసు దాటేసరికి ఆ చేయి తిమ్మిరెక్కి, మెడ పట్టేసి, తెల్లవారి బిందె ఎత్తలేని స్థితి వచ్చింది. తల కింద మెత్తనిదేదైనా లేకపోతే ఆ చేయి ఇక పనికి రాదని డాక్టరుగారు చెప్పి వెళ్లారు. ఆచారానికి జంకి ఇంట్లో ఎవరూ దిండు తేలేదు.

కాలేజీ సెలవులకు వచ్చి ఉన్న నేను పూనుకున్నాను. డిబేటులో ఎదుటివారిని నిలువనీయనని నాకు పేరుండేది. మా పురోహితులు శాస్త్రిగారిని కూర్చోబెట్టి, ఈ నిషేధం ఎక్కడ ఉంది, ఎవరి మేలు కోసం ఉంది, నొప్పిని పెంచే నియమం ధర్మం ఎలా అవుతుందని వరుసగా అడిగాను. ఆయన కోప్పడలేదు. "నీకు బదులు చెప్పలేనబ్బాయ్. మా అమ్మ కూడా చేతి మీదే పడుకుని పోయింది" అన్నారు. నాన్నగారు కండువా సర్దుకుని సరే అన్నారు. నేను వెంటనే బజారుకు వెళ్లి, బూరుగుదూది కూరిన, చూడగానే ఠీవిగా కనిపించే ఎత్తైన దిండు కొని ఆమె చాప మీద పెట్టాను.

మర్నాడు ఆ దిండు గోడవార నిలబెట్టి ఉంది. ఆమె చాప చుడుతున్నారు. శాస్త్రిగారు ఒప్పుకున్నాక కూడా భయమెందుకని అడిగాను.

"భయమెవరికిరా? నా తల గురించి మీరంతా బ్రహ్మాండంగా మాట్లాడారు, వంటింట్లోంచి అన్నీ విన్నాను. నీకెంత ఎత్తు కావాలే అని ఒక్కరూ అడగలేదు. నువ్వు తెచ్చింది పెట్టుకుంటే గడ్డం వచ్చి గుండెలకు తగులుతోంది."

ఏ సభలోనూ ఎవరూ నన్ను అలా ఆపలేదు. ఎంత ఎత్తు కావాలి అత్తయ్యా అని అప్పుడు అడిగాను. ఆమె చాప వదిలేసి కూర్చున్నారు. చిన్నతనంలో కొల్లేటి నీళ్లలో పెరిగే జమ్ముగడ్డి కంకులు ఎండబెట్టి, వాటి నూగు దులిపి వాళ్లమ్మ కుట్టిన దిండును గురించి చెప్పారు. తల ఆనిస్తే నీటి వాసన వచ్చేదట. "చెవి మునగాలి, అంతే. తల లేవకూడదు" అంటూ అరచేతిని నేలకు దగ్గరగా ఆపి చూపించారు. ఒక జీవితకాలం చేతి మీద పడుకున్న మనిషికి ఆ ఎత్తు ఇంకా గుర్తుంది.

పడవ మీద వచ్చే బంధువు చేత జమ్ము నూగు తెప్పించాము. ఏలూరులో దూది ఏకే సాయిబును పిలిపించి దొడ్లో కూర్చోబెడదామన్నారు నాన్నగారు. వీధి అరుగు మీదే కుట్టాలన్నారు అత్తయ్య. ఎప్పుడూ వీధి గడప దాటి కూర్చోని మనిషి, పట్టపగలు ముసుగు సరిచేసుకుని అరుగు మీద చాప పరిచి, అతడు నింపి ఇచ్చిన దిండు మీద తల ఆనించి పడుకున్నారు. లేచి, ఇంకొంచెం తీసెయ్యమన్నారు. మళ్లీ పడుకున్నారు. ఆమె పడుకున్నప్పుడల్లా సాయిబు వీధి పక్కనున్న కాలవ వైపు ముఖం తిప్పుకునేవాడు. దారిన పోయేవారు ఆగారు. అంతలో గొడుగు వేసుకుని శాస్త్రిగారు వచ్చారు. నా వాదమంతా నోట్లో సిద్ధంగా ఉంది.

"ఏమిటమ్మా జానకమ్మా ఇది, వీధిలో?"

ఆమె లేవలేదు. "ఎత్తు చూసుకుంటున్నానండీ."

శాస్త్రిగారు గొడుగు మూశారు. ఆ పల్చటి దిండునూ దాని మీది తలనూ చూశారు. "ఒక పక్కకే చూస్తే చాలదమ్మా. రెండో పక్కకీ తిరిగి చూసుకో" అన్నారు.

అత్తయ్య అటు తిరిగారు. చెవి మునిగింది. వీధి వీధంతా చూస్తుండగా ఆమెకు నిద్ర పట్టేసింది. నేను అరుగు దిగి చేతులు కట్టుకుని నిలబడ్డాను. అలా నిలబడమని నాకెవరూ చెప్పలేదు. ఆ తర్వాత కూడా నేను ప్రశ్నించడం మానలేదు. ఎవరి తరఫున లేచి మాట్లాడబోయినా, నేలకు దగ్గరగా ఆగిన ఆ అరచేయి మాత్రం ముందుగా కనబడుతుంది.

"దిండు ఎంత ఎత్తుండాలండీ బాబూ?" సాయిబు విల్లు పక్కన పెట్టి అడుగుతున్నాడు. కొలత చూపించడానికి చేయి చాపాను. చాపిన చేయి వెనక్కి తీసుకుని లోపలికి వెళ్లాను.

"ఏమోయ్, ఒక్కసారి అరుగు మీదికి వస్తావా? చాప నేను తెస్తాను."