రజియా మేడం ఉపన్యాసం ఆపిన రోజు

మొన్న మదనపల్లెలో ఒక సభలో మైకు కీచుమంది. అందరూ చెవులు మూసుకున్నారు. నాకు మాత్రం ఎనభైల నాటి రజియా మేడం గుర్తొచ్చారు. ఆరోగ్య శాఖ తరఫున ఊరూరా తిరిగి ఉపన్యాసాలివ్వడం ఆవిడ ఉద్యోగం. నేను ఆవిడ కింద కొత్తగా చేరిన సహాయకురాలిని. విరేచనాలు పట్టుకున్న పిల్లలకు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించాలని చెప్పడమే ఆ ఏడాది మా పని. మదనపల్లె కాలేజీ హాల్లో ఆవిడ మైకులో మాట్లాడితే చివరి బెంచీ దాకా ప్రతి మాటా చెదరకుండా చేరింది. ఆ ఉపన్యాసాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసుకుని బట్టీ పట్టాను.

మరుసటి వారం పుంగనూరులో నన్ను మాట్లాడమన్నారు. ఒక ముస్లింల ఇంటి వాకిట్లో ఆడవాళ్లు చింతపండు గింజలు తీస్తున్నారు. నేను నిలబడి, గొంతు పెంచి, అంతా అప్పజెప్పాను. ఎవరూ తలెత్తలేదు. అప్పుడు మేడం వాళ్ల మధ్య కూర్చుని, తానూ గింజలు తీస్తూ, వాళ్ల ఉర్దూలోనే పిల్లల సంగతులు అడిగారు. ఆవిడ గొంతు ఎంత తగ్గితే వాళ్లు అంత దగ్గరికి జరిగారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, “నువ్వు మైకుకు చెప్పినావమ్మా. ఆడ మైకు యాడుండాది?” అన్నారు. సిగ్గుతో కిటికీ వైపు తిరిగాను.

తర్వాత కుప్పం దిక్కున రామకుప్పం పక్కన ఒక పల్లెకు వెళ్లాం. ఏనుగులు రాగిచేలు తొక్కేసిన కోపంలో ఉన్నారు జనం. సర్కారు మాటలు వినే ఓపిక వాళ్లకు లేదు. మేడం రెండు మాటలు చెప్పి ఆగిపోయారు. ముందు వరసలో ఒక తల్లి ఒళ్లో పసివాడు, కళ్లు లోతుకు పోయి, మెడ వాల్చేసి ఉన్నాడు. మేడం, కాచి చల్లార్చిన నీళ్లు చెంబెడు అడిగి, ఉప్పు, చక్కెర కలిపి, చెంచాతో పట్టసాగారు. వాడు కక్కుకున్నాడు. వాడి అవ్వ చెయ్యి అడ్డం పెట్టి, నీళ్లు పోస్తే విరేచనాలు ఇంకా ఎక్కువ పోతాయంది.

“పోయిన నీళ్లే మళ్లీ పోస్తాండాను అవ్వా. బిడ్డ ఎండిపోతాండాడు,” అన్నారు మేడం. కాసేపాగి మళ్లీ చెంచా అందుకున్నారు. రెండు గంటలు ఇంకో మాట లేదు. తిట్టిపోద్దామని వచ్చిన మగవాళ్లు కూడా కదల్లేదు. చివరికి వాడు ఏడ్చాడు. ఆ ఏడుపుతో వాడి ఎండిన కళ్లలో నీళ్లు వచ్చాయి; ఒంట్లో మళ్లీ తడి చేరిందన్నమాట. అప్పుడు మేడం జనం వైపు తిరిగి, “సూసినారు కదా. రేపు నేనుండను. ఎవురు కలుపుతారు?” అని అడిగారు. అవ్వే ముందుకొచ్చి చెంబు అందుకుంది.

అంత పెద్ద ఉపన్యాసం నేను మళ్లీ వినలేదు. ఆ తర్వాత ఎన్నో ఊళ్లలో మాట్లాడాను. ఇప్పటికీ నోరు తెరిచే ముందు, ఎదుట కూర్చున్నవాళ్ల ఒళ్లో ఏముందో ఒకసారి చూస్తాను.