మా అవ్వ కోయించిన కోళ్ళు

నా చిన్నప్పుడు కోడికూర తినాలంటే ముందు ఆ కోడి వెంట పరిగెత్తాలి. ఇప్పుడా బాధ లేదు. ఆత్మకూరు బస్టాండు దగ్గర అంగట్లో మా మనవడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే కిలోన్నర అంటాడు, అంగడివాడు తోలు తీసి, ముక్కలు కొట్టి, నల్ల కవర్లో వేసిస్తాడు. అది పుంజో పెట్టో కూడా ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే మంచిది కదా అంటాడు వాడు. ఏం మంచిదిరా నీ మొహం, ఒక ప్రాణం పోయిందని కూడా తెలియకుండా తింటే అది తిండేనా అని నేను కసురుకుంటాను. వాడు నవ్వుతాడు. ముసలిదానికి చాదస్తం అనుకుంటాడు. అనుకోనీ. వాడు చూడనిది నేను చూశాను.

మాది ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే దారిలో బస్సు దిగి చాలాసేపు లోపలికి నడవాల్సిన మెట్ట ఊరు. వాన పడితే పంట, లేకుంటే దుమ్ము. మా నాయన, మా చిన్నాయన అప్పటికే వేరుపడ్డారు. ఇళ్ళు మాత్రం పక్కపక్కనే, మధ్యలో ముళ్ళకంప. నాయనను కన్న అవ్వ మా ఇంట్లో ఉండేది. ఆమెకు ఆస్తి అని ఏదన్నా ఉందంటే అవి కోళ్ళే. పాత కుండలో పేడ, చెత్త కుక్కి, నీళ్ళు చల్లి, చేలో బోర్లించి వచ్చేది. పొద్దున్నే పోయి ఆ కుండ ఎత్తుకొస్తే దాన్నిండా చెదలు పట్టి ఉండేవి. కోడిపిల్లలకు అవి దులిపి పోస్తే ఎంత ఆత్రంగా తినేవో! గద్దలకు, అడవిపిల్లికి, ఏటేటా వచ్చే కొక్కెర తెగులుకు పోగా మిగిలినవి పెద్దవయ్యేవి. వాటిలో ఒక ఎర్ర పెట్ట ఉండేది. నాకు కళ్ళకలక వస్తే అది అప్పుడే పెట్టిన గుడ్డును అవ్వ వేడివేడిగా తెచ్చి నా రెప్పల మీద అద్దేది. అందుకే ఆ పెట్టంటే నాకు ప్రాణం.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. బావి అడుగంటింది. అయినా చిన్నాయన కంపకు ఆవలి పక్క మిరపనారు పోశాడు. ఆయన, మా చిన్నమ్మ కుండలతో నీళ్ళు మోసుకొచ్చి చేత్తో చిలకరించేవాళ్ళు. మరి కోళ్ళకు అన్నదమ్ముల పంపకాలు తెలుస్తాయా? తడి మట్టి ఎక్కడుంటే అక్కడికి పోయి గెలుకుతాయి. కంప సందులో దూరి పోనే పోయాయి. చిన్నాయన మొదట మెత్తగా చెప్పాడు. తర్వాత గట్టిగా చెప్పాడు. ఆ తర్వాత, "ఈసారి వస్తే ఒక్కటి గూడా మిగలదమ్మా, ముందే చెప్తుండా" అని కంప మీదుగా అరిచాడు. అవ్వ పగలంతా కోళ్ళను గంపల కింద కమ్మి, మీద రాళ్ళు పెట్టేది. పొద్దస్తమానం గంప కింద ఉండమంటే ఏ ప్రాణి ఉంటుంది చెప్పండి.

ఒక ఆదివారం అందరం ప్రార్థనకు పోయి వచ్చేసరికి ఒక గంప పక్కకు ఒరిగి ఉంది. కంప ఆవల కోళ్ళ చప్పుడు. చిన్నాయన చూసేలోగా తోలుకొద్దామని నేను కంప సందులో దూరాను. ఆయన అప్పటికే చూశాడు. చేతికందిన కట్టె తీసి నారుమడి మీదికి విసిరాడు. కోళ్ళు ఎగిరిపోయాయి, నేను లేచి నిలబడ్డాను. కట్టె నా నుదురుకు తగిలింది.

నొప్పి తెలియలేదు గానీ ఒక కన్ను మొత్తం ఎర్రగా మూసుకుపోయింది. చిన్నాయనే ముందు పరిగెత్తుకొచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి నా తలకు చుట్టాడు. మా అమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చి నన్ను లాక్కుంది, ఆయన్ని పట్టుకొని నోటికొచ్చినట్టు తిట్టింది. ఆయన పోయి ఇంట్లో తలుపేసుకున్నాడు.

మా నాయన కోపం ఊరంతా ఎరుగును. దుక్కిలో మొరాయించిందని ఒకసారి సొంత ఎద్దునే కాలు విరిగేట్టు కొట్టిన మనిషి. ఆ రోజు ప్రార్థనకు రాకుండా పని మీద ఉదయగిరి పోయి, మధ్యాహ్నం బస్సుకు దిగి వచ్చాడు. అరుగు మీద నన్ను చూశాడు. తువ్వాలు చూశాడు. అది ఎవరి తువ్వాలో ఆయనకు తెలుసు. దారిలోనే ఎవరో జరిగిందంతా చెప్పినట్టున్నారు, ఒక్క ప్రశ్న అడగలేదు. చూరులో దోపిన మచ్చుకత్తి లాగాడు. "ఈ పొద్దు వాడన్నా ఉండాల, నేనన్నా ఉండాల" అన్నాడు. అమ్మ కాళ్ళకు అడ్డం పడింది. తన్నాడు. ఆమె గోడకు పోయి తగిలింది. ఆయన చంపేస్తాడని నాకు తెలిసిపోయింది. చిన్నపిల్లలకు అలాంటివి ఎవరూ చెప్పక్కర్లేదు.

వాకిట్లో కట్టెలు కొట్టే మొద్దు పక్కన అవ్వ నిలబడి ఉంది. తిరిగొచ్చిన కోళ్ళను గంప కింద కమ్ముతూ ఉందప్పుడు. ఆమె ఏడవలేదు. వద్దు నాయనా అని బతిమాలలేదు.

"యాడికి రా?" అంది.

"వాణ్ణి నరికేదానికి."

"నరుకుదువు గానీ. బిడ్డ నెత్తురు చూసినాక ఊరుకోమని నేనెట్టా చెప్తాను? అయితే నారు గెలికింది ఎవురు రా? నా కోళ్ళు. ఈ గొడవకంతా మూలం ఇవి. ముందు వీట్ని నరికి, ఆమీట వాణ్ణి నరుకు. వరస తప్పబాక."

అంటూనే గంప ఎత్తి ఒక నల్లపెట్టను రెక్కలు పట్టి లాగి, మొద్దు మీద పెట్టింది. నాయన పక్కకు పొమ్మన్నాడు. ఆమె కదల్లేదు. "కోడిని కొయ్యలేనోడివి మనిషిని యాడ కోస్తావు రా?" అంది. ఆ మాట ఆయనకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కత్తి ఎత్తి వేశాడు.

కోపంలో వేసిన వేటు మెడ మీద పడలేదు. పొట్ట మీద అడ్డంగా పడింది. పేగులు బయటికొచ్చాయి. ఆ కోడి చావలేదు, అరిచింది. అవ్వ ముఖమంతా నెత్తురు చిమ్మింది. ఆమె తుడుచుకోలేదు. దాన్ని పట్టుకొనే ఉండి, "ఇంకొకటి ఎయ్యి, అది సావలా" అంది. ఆయన వేశాడు. చేతిలోది కింద పెట్టి ఆమె మరోటి తీసింది. ఈసారి తల తెగింది. అవ్వ వదిలేసింది. తల లేని కోడి రెక్కలు కొట్టుకుంటూ వాకిలంతా ఉరికింది, గోడకు ఒరిగి కూర్చున్న మా అమ్మ చీరంతా నెత్తురు చేసింది, అట్లాగే పోయి కంపలో ఇరుక్కుంది. ఆవలి పక్క నుంచి చిన్నమ్మ కెవ్వున అరిచింది. నాయన అటు తిరిగేలోపు అవ్వ ఇంకోటి తెచ్చి మొద్దు మీద పెట్టింది. తర్వాత ఇంకోటి. "కానీ, కానీ" అంటూ పోయింది. ఆమె గొంతులో కోపం లేదు, జాలి లేదు. రోట్లో పిండి దంచేటప్పుడు కోడలికి చెప్పినట్టు చెప్పింది.

తర్వాత ఆమె చేతిలోకి ఎర్ర పెట్ట వచ్చింది.

దాన్ని వద్దవ్వా అని నేను గొంతు చించుకున్నాను. అవ్వ నా వైపు చూడను కూడా చూడలేదు. అన్నిటినీ పట్టినట్టే దాన్నీ పట్టింది. ఆ పెట్టకు ఆమె చెయ్యి అలవాటు. మొద్దు మీద నెత్తురు కారుతున్నా గింజుకోలేదు. ఆమె అరచేతి కింద మెడ చాచి, కింది రెప్పను పైకి తెచ్చి కళ్ళు మూసుకుంది. నాయన కత్తి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి దిగలేదు.

"చాల్లేమ్మా" అన్నాడు.

"ఏం చాలు? ఇంకా ఉండాయి."

"చాలన్నా గదా!"

"చాలదు రా. ఆ కంపలో ఉండేదాన్ని చూడు. ఇంకా కాళ్ళు కొట్టుకుంటా ఉండాది. నీ తమ్ముడు గూడా ఇట్టనే కొట్టుకుంటాడు, కాళ్ళూ చేతులూ. వాడి పెండ్లాం మీద పడతాది ఆ నెత్తురు. బాగా చూడు. చూసినాక పో. నేను దారిస్తా."

నాయన చూశాడు. చాలాసేపు చూశాడు. కత్తి జారిపోయింది. వాకిట్లో అట్లాగే కూలబడి, కడుపులో ఉన్నదంతా కక్కుకున్నాడు. ఎద్దు కాలు విరగ్గొట్టిన మనిషి! అవ్వ ఎర్ర పెట్టను గంప కింద పెట్టి, వచ్చి ఆయన రెండు చెంపలూ వాయించింది. అప్పుడు ఏడ్చింది ఆమె. కొడుతూ ఏడ్చింది, ఏడుస్తూ కొట్టింది. చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టి, "లెయ్. చంపినాక పారేస్తామా? నీళ్ళు కాయి పో" అంది.

తర్వాత కంప దగ్గరికి పోయి చిన్నకొడుకును కేకేసింది. ఈకలు పీకేదానికి చేతులు చాలవు, రారా అంది. ఆయన తలుపు తియ్యలేదు. నీ పిరికి మొహం తగలెయ్య, కట్టె విసిరేటప్పుడు ఉండిన చేతులు ఇప్పుడేమైనాయి రా అని ఊరంతా వినబడేట్టు తిట్టింది. చిన్నమ్మ చొక్కా పట్టుకొని వెనక్కి లాగుతున్నా విడిపించుకొని, ఉత్త చేతులతో ఆయన మా వాకిట్లోకి వచ్చాడు. ఆ నెత్తురు మడుగు దాటి రావడం అంటే మాటలు కాదు. మచ్చుకత్తి ఇంకా అక్కడే పడి ఉంది.

అన్నదమ్ములు ఇద్దరూ కాగే కుండకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. కోడిని ముంచడం, ఈకలు పీకడం, పసుపు పూసి గడ్డి మంట మీద కాల్చడం. ఒకసారి చిన్నాయన వేళ్ళు మరిగే నీళ్ళలో పడ్డాయి. నాయన తల ఎత్తకుండానే చల్లనీళ్ళ చెంబు ఆయన వైపు జరిపాడు. ఆ చెంబు చూసి చిన్నాయన భోరుమన్నాడు. "నేను కోడికి యేసినానన్నా. పాపకు యెయ్యలా" అన్నాడు.

"తెలుసు" అన్నాడు నాయన. "పీకు."

ఆ మాటకు నాకు అప్పుడు అర్థం తెలియలేదు. తెలిసే చంపబోయాడని, కోపమంటే అదేనని పెద్దయ్యాక తెలిసింది.

అమ్మ నొప్పితో మూలుగుతూనే ధనియాలు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి నూరింది. చిన్నమ్మ వచ్చి సంగటి గెలికింది. రెండిళ్ళ వాళ్ళం ఒక్క వాకిట్లో కూర్చున్నాం. కూర చేదుగా ఉంది. మొదటి కోడిని పొట్ట మీద నరికాడు కదా, చేదుతిత్తి పగిలి మాంసానికంతా పట్టింది. ఆ మాంసం అవ్వకు కనబడకా? చూసి, కావాలనే కుండలో వేసింది. చిన్నాయన కూతురు చేదు అని ఉమ్మబోతే వాళ్ళమ్మ తొడ గిల్లింది. మా నాయన మాత్రం ముద్ద వెంట ముద్ద మింగి, ఇంకొంచెం వెయ్యమన్నాడు. అవ్వ ఆ కూర ముట్టలేదు.

ఆ రోజు నుంచి అన్నదమ్ములు ఒకటైపోయారంటే పచ్చి అబద్ధం. గట్టు కాడ, బావి కాడ చచ్చేదాకా పోట్లాడుకున్నారు. కత్తి మాత్రం మళ్ళీ ఏ చెయ్యీ ఎత్తలేదు.

కట్టు విప్పి పసుపు పెడుతున్నప్పుడు ఒకనాడు అవ్వను అడిగాను. ఎర్ర పెట్టను గూడా నాయన నరికుంటే ఏం చేద్దువవ్వా అని. "ఇంకోటి తెచ్చిచ్చుంటా" అంది. అన్నీ అయిపోయుంటేనో అన్నాను. అవ్వ పసుపు వేలు నా నుదుటి మీద నుంచి తియ్యకుండానే చెప్పింది.

"మొద్దు మీద నేను తల పెట్టుంటా పాపా. అప్పటికన్నా వాడి చెయ్యి అలిసిపోయుండేది గదా."

ఎంత మామూలుగా చెప్పిందో! అది ఉత్త మాట కాదని ఆమె ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

ఇన్నేళ్ళలో ఎన్ని ఇళ్ళ గొడవలు చూశానో లెక్క లేదు. మంచి మాటలు చెప్పేవాళ్ళు గడప ఇవతల నిలబడి చెబుతారు. నాకు మంచి మాటలు రావు. మధ్యలోకి పోయి నిలబడడమే వచ్చు. భయం లేక కాదు, భయపడుతూనే పోతాను. పోయినేడు నా కొడుకు వాడి కొడుకు మీద బెల్టు తీశాడు, పరీక్ష తప్పాడని. నేను పోయి మనవడి మీద పడ్డాను. దెబ్బ నా వీపు మీద పడింది. ఇంకోటి కూడా పడింది, వాడు చూసుకోలేదు. మూడోది ఎత్తినప్పుడు చూశాడు. బెల్టు పారేసి, ముసల్దానివి నువ్వెందుకు వచ్చావమ్మా అడ్డం అని నా మీదే అరిచాడు, కళ్ళనిండా నీళ్ళతో.

"నీ చెయ్యి అలిసేదాకా ఉందామని వచ్చినాలే నాయనా" అన్నాను.